ముందు ప్లేటు, తరవాత మిషను: పాత జాజ్, డాన్సు రికార్డులు దేనిమీద వినాలి?

మా బాబాయి కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఇంటి అటక మీద ఒక ట్రంకు పెట్టె, దాన్నిండా గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. ఎక్కువగా నాటక పద్యాలు, కొన్ని సినిమా పాటలు, అడుగున ఓ పాతిక ఇంగ్లీషు ప్లేట్లు. రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇచ్చిపోయిందట. లేబుల్ మీద పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ‘ఫాక్స్ ట్రాట్’ అని ఉండేది. చిన్నప్పుడు అవన్నీ నక్కల పాటలనే అనుకున్నాను. అది జంటగా ఆడే డాన్సు పేరని, 1920లు, 30లలో లండన్, న్యూయార్క్ హోటళ్లలో జనం అడుగులు కలిపింది ఈ సంగీతానికేనని తెలిసేసరికి నాకు నలభై దాటాయి.

పెట్టె నా చేతికొచ్చాక అందరూ చేసే తప్పే నేనూ చేశాను. ముందు మిషను కొన్నాను. ఇత్తడి బూర తళతళలాడుతోంది, చెక్క పెట్టె మీద కుక్క బొమ్మ, ‘వందేళ్లనాటిది సార్’ అని కొట్టువాడి హామీ. ఇంటికి తెచ్చి రే నోబుల్ బ్యాండు వాయించగా అల్ బౌలీ పాడిన ప్లేటు ఒకటి పెట్టాను. మొదటిరోజు ముచ్చటగానే ఉంది. వారం తిరక్కుండా ఆ ప్లేటు నల్లటి నిగనిగ పోయి బూడిదరంగుకి తిరిగింది. సౌండ్ బాక్సు (ముల్లు బిగించే గుండ్రటి డబ్బా, ముల్లు అదురుని శబ్దంగా మార్చేది) చేయి వంకరగా కదులుతూ గాడి గోడల్ని గీకేసింది. బూర చూసి మురిసిపోయానే గానీ దాని వెనకున్న ముల్లు సంగతి ఆలోచించలేదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నా సలహా ఒకటే. మీ దగ్గరున్న ప్లేట్లు, కొనాలనుకుంటున్న ప్లేట్లు ఏ కాలానివో ముందు చూడండి. పిల్లను చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టు మిషనుకి తొందరపడకండి. 1923 నాటి ప్లేటుకి హాయిగా సరిపోయే మిషను 1938 నాటి ప్లేటుని నాశనం చేస్తుంది.

చేతిలో ఉన్నదేమిటి

షెల్లాక్ అంటే మన లక్కే. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజులు చేసే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే జిగురును శుద్ధి చేసి ఓడల్లో అమెరికాకి, ఇంగ్లండుకి పంపేవాళ్లు. న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్లు ఇన్నాళ్లు నిలిచింది ఆ జిగురు మీదే. అయితే ప్లేటులో లక్క వంతు తక్కువే. మిగతాదంతా పలకరాయి పొడి, సున్నపురాయి పొడి, నలుపుకోసం మసి, కాస్త నూలు పీచు. ఆ రాతి పొడి కావాలనే వేశారు. ఉక్కు ముల్లు గాడిలో పడగానే దాని మొన అరిగి గాడి ఆకారానికి ఒదగాలి. అంటే ఈ ప్లేట్లు సానరాళ్ల లాంటివి. ఒక ముల్లు ఒక వైపుకే అన్న నియమం అందుకే వచ్చింది. పిసినారితనంతో అదే ముల్లుతో రెండో వైపు కూడా వాయిస్తే, అప్పటికే ఉలిలా తేలిన మొన గాడిని చెక్కేస్తుంది.

పది అంగుళాల ప్లేటులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. జాజ్ వాద్యగాళ్లు మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి దిగిపోవడం ఈ కొలత వల్లే నేర్చుకున్నారు. అందులో ఇమడనివాళ్లు పక్క తిప్పించేవాళ్లు. డ్యూక్ ఎల్లింగ్టన్ 1935లో ఒకే రచనను నాలుగు వైపుల మీద పరిచాడు. బెన్నీ గుడ్‌మన్ బ్యాండు 1937లో ‘సింగ్ సింగ్ సింగ్’ని పన్నెండంగుళాల ప్లేటు రెండు వైపులా నింపింది.

కాలాన్ని బట్టి ఈ ప్లేట్లను మూడు కుప్పలు చేయొచ్చు.

మొదటిది 1925కి ముందువి. అప్పటికి మైకు లేదు. వాద్యగాళ్లందరూ ఒక పెద్ద బూర ముందు గుమిగూడి వాయిస్తే ఆ గాలి ఒత్తిడే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. జాజ్ తొలి ప్లేటుగా చెప్పుకునే ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ రికార్డు (1917, విక్టర్ కంపెనీ) ఇలా చేసిందే. 1923లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్ ఊళ్లో, రైలు పట్టాల పక్కనున్న జెనెట్ స్టూడియోలో కింగ్ ఆలివర్ బృందం, అందులో కుర్ర లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించినవీ ఇలా చేసినవే. పెద్ద డ్రమ్ము గట్టిగా కొడితే సూది ఎగిరిపడేది. అందుకని ఆ ప్లేట్లలో డ్రమ్మరు బేబీ డాడ్స్ చెక్క ముక్కల మీద తాళం వేస్తుంటాడు. ఈ కుప్ప ప్లేట్లలో బ్యాంజో, ట్యూబా లాంటివి స్పష్టంగా వినిపిస్తాయి, తక్కినవి మీ ఊహకి వదిలేస్తారు.

రెండోది 1925 నుంచి 1935 దాకా. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్ల మైకు, ఆంప్లిఫయర్ పద్ధతి వచ్చింది. బేస్ వినపడటం మొదలైంది, పాడేవాడు అరవక్కర్లేకుండా చెవిలో చెప్పినట్టు పాడటం మొదలైంది. ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందం షికాగోలో వాయించిన ప్లేట్లు, కాటన్ క్లబ్ నాటి ఎల్లింగ్టన్, బిక్స్ బైడర్‌బెక్, లండన్లో ఆంబ్రోజ్, జాక్ హిల్టన్, రే నోబుల్ వీళ్లంతా ఇక్కడే. నన్నడిగితే షెల్లాక్ బంగారు దశాబ్దం ఇదే. హాట్ ఫైవ్‌లో మొదటి కొన్ని మాత్రం పాత బూర పద్ధతిలో చేసినవి, వాటిని మొదటి కుప్పలోనే వేసుకోండి.

మూడోది 1935 తరవాతివి. స్వింగ్ పెద్ద బ్యాండ్లు, యుద్ధం, చివర్లో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్. ధ్వని గట్టిగా, గాడి నిండుగా ఉంటుంది. 1942లో భారత సముద్ర మార్గాలు చిక్కుల్లో పడి లక్క దొరక్క అమెరికాలో వాడకానికి కోత పెట్టారు, పాత ప్లేట్లు కరిగించి కొత్తవి పోశారు. దాంతో యుద్ధకాలపు ప్లేట్లలో కొన్ని కొత్తవైనా సర్రుమంటూనే ఉంటాయి. అది మీ ముల్లు తప్పు కాదు.

సంవత్సరం లేబుల్ మీద సాధారణంగా ఉండదు. సెల్‌ఫోను టార్చి వేసి లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య ఖాళీలో చూడండి. విక్టర్ ప్లేటయితే కోడిగుడ్డు ఆకారం గీతలో ‘వి.ఇ.’ అక్షరాలు, హెచ్.ఎమ్.వి. అయితే నంబరు పక్కన చిన్న త్రికోణం, కొలంబియా అయితే సున్నాలో ‘డబ్ల్యు’ అక్షరం కనిపిస్తే అది వెస్ట్రన్ ఎలక్ట్రిక్ మైకు పద్ధతిలో చేసినది. ఇంకా ఖచ్చితమైన తేదీ కావాలంటే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా వాళ్లు నడిపే అమెరికన్ రికార్డుల సూచికలో నంబరు కొట్టి వెతకండి. ఏ రోజున, ఏ ఊళ్లో, ఎవరెవరు వాయించారో దాదాపు అన్నీ దొరుకుతాయి. ఇలా పావుగంట కూర్చుంటే మీ మిషను ఏదో సగం తేలిపోతుంది.

కీ ఇచ్చే గ్రామఫోను

మొదటి కుప్ప ప్లేట్లకి ఇదే రాజు. ఇందులో మొహమాటం లేదు. బూరలోకి ఊదినదాన్ని మళ్లీ బూరలోంచే వింటే ఒక నిండుతనం వస్తుంది. అదే ప్లేటుని ఖరీదైన స్పీకర్లలో పెడితే సన్నగా, టెలిఫోన్లో మాట్లాడినట్టు ఉంటుంది. 1920లో లక్షల మంది కొన్న పాల్ వైట్‌మన్ ‘విస్పరింగ్’ లాంటి డాన్సు ప్లేటుని ఓ మంచి గ్రామఫోను మీద పెట్టి గది అవతలి మూల నుంచి వినండి. కరెంటు లేదు, వాల్యూము గుండీ లేదు, అయినా గదంతా పరుచుకుంటుంది.

రెండో కుప్పలో డాన్సు ప్లేట్లకి కూడా బాగానే ఉంటుంది, కానీ ఒక షరతు: మిషను కూడా 1925 తరవాతిదై ఉండాలి. ఆ ఏడాదే విక్టర్ కంపెనీ కొత్త మైకు రికార్డులకి తగ్గట్టు మడతలు పెట్టిన పొడుగు బూరతో ఆర్థోఫోనిక్ విక్ట్రోలా తెచ్చింది. మనవాళ్లకి అంత పెద్ద బీరువాలు దొరకడం కష్టం. దొరికేవాటిలో నేను కళ్లు మూసుకుని చెప్పేది హెచ్.ఎమ్.వి. 102, 1931లో వచ్చిన సూట్‌కేసు రకం. బూర బయటికి కనపడదు, పెట్టె లోపలే ఉంటుంది. అంతకుముందు వచ్చిన 101 కూడా మంచిదే, 102 సౌండ్ బాక్సు ఇంకాస్త మేలు. చూడ్డానికి ఆఫీసు బ్యాగులా ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చినవాళ్లెవరూ ‘అబ్బ!’ అనరు. ఆ పొగడ్తే కావాలంటే ఇత్తడి బూర కొనుక్కుని షోకేసులో పెట్టుకోండి, ప్లేటు మాత్రం దాని దగ్గరికి తీసుకెళ్లకండి.

ఆ తళతళల బూరల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వాటిలో చాలావరకు మన దేశంలోనే కొత్తగా తయారైనవి. పాడైన సూట్‌కేసు గ్రామఫోన్ల మోటార్లు పీకి కొత్త చెక్క పెట్టెలో బిగించి, పలచటి ఇత్తడి రేకు బూర తగిలిస్తారు. విదేశాల్లో పోగేసేవాళ్లు వీటికి పెట్టిన ముద్దుపేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు. గుర్తుపట్టడం తేలికే. కుక్క బొమ్మ పెద్ద స్టిక్కరుగానో, మరీ కొత్త ఇత్తడి బిళ్లగానో ఉంటుంది. ముల్లు పట్టే చేయి మోటు పోతలా ఉండి, బూర గొట్టానికి అతుకు దగ్గర వదులుగా ఊగుతుంది. ముల్లు ప్లేటు మధ్యకి నడిచేటప్పుడు గాడికి వాలుగా కాకుండా అడ్డంగా తిరుగుతుంది. ఈ మూడోది కంటితో చూడగలిగితే చాలు, తక్కినవి చూడనక్కర్లేదు.

అసలుదే దొరికినా అలాగే వాయించకండి. సౌండ్ బాక్సులోని రబ్బరు వాషర్లు ఎనభై తొంభై ఏళ్లకి రాయిలా బిగుసుకుపోతాయి. అవి మార్చకపోతే ప్రతి గట్టి స్వరం దగ్గర జర్రుమంటుంది, ప్లేటూ అరుగుతుంది. స్ప్రింగు డబ్బాలో గ్రీజు గట్టిపడితే కీ ఇచ్చినప్పుడు దబ్బుదబ్బుమని చప్పుడొస్తుంది. ఈ రెండు పనులు తెలిసిన మేస్త్రీ మీకు అందుబాటులో ఉన్నాడో లేడో కొనేముందే కనుక్కోండి.

వాల్యూము గుండీ లేదన్నాను కదా, ఆ పని ముల్లే చేస్తుంది. లావు ముల్లు గట్టిగా, సన్న ముల్లు మెల్లగా పలుకుతాయి. అపార్ట్‌మెంటులో లావు ముల్లు పెడితే కింది ఇంటివాళ్లు కూడా ఫాక్స్ ట్రాట్ నేర్చుకుంటారు. నేను సన్నవే వాడతాను. వెదురు ముల్లు కూడా ఒకటుంది. ప్లేటుకి దయగా ఉంటుంది, కానీ అరిగిన ప్లేటు మీద వైపు పూర్తికాకుండానే మొన చితికి గొంతు బొంగురుపోతుంది.

ఇక బరువు. గ్రామఫోను సౌండ్ బాక్సు ముల్లు మీద మోపేది వంద గ్రాములు దాటుతుంది. ఈ రోజు కరెంటు టర్న్‌టేబుల్ ముల్లు మోపేది రెండు నుంచి ఐదు గ్రాములు. అందుకే మూడో కుప్ప ప్లేట్లని, 1940ల బీబాప్‌ని (పార్కర్ లాంటివాళ్లు వాయించిన కొత్త తరహా జాజ్), అరుదైనవాటిని, ఒక్కటే ఉన్నవాటిని గ్రామఫోను ఎక్కించకూడదు. వినైల్‌తో చేసిన 78లయితే (నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత ప్లేట్లకి అదే పేరు) అసలే వద్దు, ఒక్కసారికే గీతలన్నీ చెరిగిపోతాయి.

టర్న్‌టేబుల్, లావు ముల్లు

జాజ్ కోసమే వచ్చినవాళ్లకి నా ఓటు దీనికే. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో వాయించిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ మొదట్లో ట్రంపెట్ ఒంటరిగా మెట్లెక్కుతూ పోయేచోట గ్రామఫోను అతని బలం చూపిస్తుంది. టర్న్‌టేబుల్ మీద వింటే వేళ్ల కదలిక, స్వరానికీ స్వరానికీ మధ్య గాలి తెలుస్తాయి. వెనక పియానోలో ఎర్ల్ హైన్స్ ఎడమచేయి ఏం చేస్తోందో గ్రామఫోను మీద నేనెప్పుడూ పట్టుకోలేకపోయాను.

మార్కెట్లో కొత్తగా దొరికే టర్న్‌టేబుళ్లలో చాలావాటికి 33, 45 వేగాలే ఉంటాయి. 78 ఉందా అని అడగకుండా కొనకండి. ఆడియో టెక్నికా ఎల్‌పి 120 రకానికి ఉంది, టెక్నిక్స్ ఎస్‌ఎల్ 1200 ఎమ్‌కె 7కి ఉంది. రేగా ప్లానర్ 78 ఇందుకోసమే పుట్టింది. పాత సరుకులో లెంకో ఎల్ 75 దొరికితే అదృష్టమే, దాని వేగం ఎంతంటే అంతకి జరుపుకోవచ్చు. ఇది షోకు కాదు, అవసరం. 1925కి ముందు ‘78’ అన్నది పేరుకే. కంపెనీని బట్టి 70 నుంచి 82 దాకా రకరకాలుగా ఉండేది. 82తో చేసిన ప్లేటుని 78 మీద వాయిస్తే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం దిగిపోతుంది, హుషారు పాట నీరసపడుతుంది. ఫోనులో కీబోర్డు యాప్ పెట్టుకుని ట్రంపెట్ స్వరంతో సరిచూసుకోవచ్చు. సంగీతం వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే యాప్ కూడా అక్కర్లేదు, మా ఆవిడ పక్క గదిలోంచే ‘శ్రుతి తగ్గిందండీ’ అంటుంది.

మిషను ఎంత గొప్పదైనా ముల్లు మార్చకపోతే దండగ. 78 గాడి ఎల్పీ (33 వేగంతో తిరిగే వినైల్ ప్లేటు) గాడికన్నా సుమారు మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో పడితే బావి అడుగున రాయిలా కిందికి జారి, అక్కడున్న దుమ్ములో కొట్టుకుంటుంది. సంగీతం పైన గోడల మీద ఉంటుంది. ఎల్పీ ముల్లు మొన 0.7 మిల్ అయితే, దీనికి కావాల్సింది 3 మిల్ దగ్గర. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆడియో టెక్నికా వి.ఎమ్. 95 ఎస్.పి., ఆర్టోఫాన్ 2 ఎమ్ 78 ఈ పనికే చేసినవి. దాంతోపాటు ఆంప్లిఫయర్‌లో మోనో గుండీ ఉంటే నొక్కండి. షెల్లాక్ ప్లేట్లు దాదాపు అన్నిటిలో శబ్దం పక్కలకే రాసి ఉంటుంది, పైకీ కిందికీ ఊగే కదలికంతా చెత్తే. రెండు చానళ్లు కలపగానే ఆ చెత్తలో చాలాభాగం దానికదే కొట్టేసుకుపోతుంది. పైసా ఖర్చులేని ఈ పని చేయకుండా ‘చప్పుడెక్కువ’ అని 78లను వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

మామూలు ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) 1954లో అందరూ ఒప్పుకున్న ఎల్పీ లెక్క ప్రకారం బేస్ పెంచి, ట్రెబుల్ తగ్గిస్తుంది. 78లకి ఆ లెక్క లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో దారి. దాంతో ట్రెబుల్ కాస్త ముసుగేసినట్టుంటుంది. టోన్ కంట్రోల్లో ట్రెబుల్ పెంచుకుంటే పని జరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే విడి ఈక్వలైజర్ల కోసం టెన్షన్ పడొద్దు.

ఇంట్లో 33, 45 వేగాలే ఉన్న మంచి టర్న్‌టేబుల్ ఉంటే ఇంకో దొడ్డిదారి ఉంది. లావు ముల్లు తగిలించి 45 వేగంతో వాయిస్తూ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేగం 78కి మార్చడం. టోన్ కాస్త తేడా వస్తుంది, కానీ వంకరపోయిన ప్లేట్ల మీద ముల్లు ఎగిరిపోకుండా నెమ్మదిగా నడుస్తుంది. వినడం కంటే భద్రపరచడానికి ఈ పద్ధతి మంచిది.

చవక సూట్‌కేసు ప్లేయర్ల గురించి రెండు ముక్కలు చాలు. 78 వేగం ఉందని పెట్టె మీద రాస్తారు, లోపల ముల్లు ఎల్పీది ఇస్తారు. వద్దు. దానికన్నా 1960ల పాత రికార్డు ప్లేయరు నయం. చాలావాటిలో ముల్లుని అటు తిప్పితే 78, ఇటు తిప్పితే ఎల్పీ అయ్యే ఏర్పాటు ఉండేది.

ఏమీ కొనకుండా

నిజానికి మొదటి ఆరునెలలు ఇదే చేయమంటాను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో తెరిచిన నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో బూర కాలంనాటి విక్టర్ ప్లేట్లు పదివేలకు పైగా ఉచితంగా వినొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల గ్రేట్ 78 ప్రాజెక్టులో ఒకే ప్లేటుని నాలుగు రకాల ముళ్లతో వాయించి పక్కపక్కనే పెట్టారు. ముల్లు సైజు వల్ల ఏం మారుతుందో పుస్తకాల్లో చదవడం కన్నా అక్కడ పది నిమిషాలు వింటే తెలుస్తుంది. దానిమీద 2023లో పెద్ద రికార్డు కంపెనీలు కోర్టుకెక్కాయి కాబట్టి అన్నీ ఎప్పటికీ అలాగే ఉంటాయనుకోకండి. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన తరవాత 60 ఏళ్లు. కాబట్టి మీ 1930ల ప్లేటుని మీరు డిజిటల్ చేసుకోవడానికి రికార్డింగు హక్కు అడ్డురాదు.

సీడీల విషయంలో ఒక హెచ్చరిక. చప్పుడు మొత్తం తుడిచేసిన సీడీ కన్నా కొంచెం సర్రుమనే సీడీ మేలు. చప్పుడుతోపాటు తాళాల మెరుపు, ట్రంపెట్ అంచు కూడా తుడుచుకుపోయి, దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది. ఇంగ్లండులో జాన్ ఆర్.టి. డేవీస్ అనే ఆయన ఈ పనిలో పెద్దచేయి. జె.ఎస్.పి. కంపెనీ వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్స్, సెవెన్స్ సీడీల పెట్టెలో ఆయన పనితనం వినండి. కింగ్ ఆలివర్ 1923 రికార్డులకి 2006లో వచ్చిన ‘ఆఫ్ ది రికార్డ్’ జంట సీడీ చాలు. ఆ జెనెట్ ప్లేట్లు అసలువి కొనాలంటే ఆస్తులమ్మాలి, అమ్మినా దొరికేవి అరిగిపోయినవే.

ప్లేటు ఎంచుకోవడం

అసలైన హాట్ జాజ్ అమెరికన్ ముద్రణలు అప్పుడు తక్కువగా అమ్ముడుపోయాయి, ఇప్పుడు మంట ధర. డాన్సు బ్యాండ్లు లక్షల్లో అమ్ముడయ్యాయి, ఇప్పుడు కిలోల్లెక్కన దొరుకుతాయి. కొత్తవాళ్లు డాన్సు ప్లేట్లతో మొదలుపెట్టడంలో నామోషీ ఏం లేదు. వాటి మధ్యలో కాసేపు ఎవరో ఒక ట్రంపెట్టో, శాక్సఫోనో కట్లు తెంచుకుని వాయించి మళ్లీ బుద్ధిగా కూర్చుంటారు. ఆ చిన్న కిటికీల్లో జాజ్ వెతుక్కోవడం నాకు పెద్ద సరదా. నిజంగా అడుగులు వేయాలనుకుంటే విక్టర్ సిల్వెస్టర్ ప్లేట్లు కొనండి. 1935లో మొదలైన ఆయన బ్యాండు తాళం గడియారంలా ఉంటుంది, డాన్సు స్కూళ్ల కోసమే వాయించినట్టు. కూర్చుని వింటే మాత్రం నిద్రొస్తుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్, బిక్స్ కావాలంటే అమెరికన్ ఓకే లేబుల్ బదులు బ్రిటిష్ పార్లఫోన్ ముద్రణలు చూడండి. 1929 నుంచి వాళ్లు ఈ సంగీతాన్ని ఒక ప్రత్యేక వరసగా వేశారు. ధర అందుబాటులో ఉంటుంది, చాలాసార్లు చప్పుడు కూడా తక్కువ. ఇంగ్లండు, అమెరికాల్లో పిల్లలున్నవాళ్లకి అక్కడి పాత సామాన్ల కొట్లలో ఇవి తేలిగ్గా దొరుకుతాయి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెమ్మనడం పోస్టు కన్నా క్షేమం. పది అంగుళాల ప్లేటు రెండు వందల గ్రాములు తూగుతుంది, గాజులాగే పగులుతుంది.

మన నేల మీద పుట్టిన ప్లేట్లు ఇంకో ఆకర్షణ. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తా సియాల్దాలో, తరవాత డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీ పెట్టి విదేశీ బ్యాండ్ల ప్లేట్లు ఇక్కడే పోసింది. సికింద్రాబాద్, కాజీపేట, వాల్తేరు రైల్వే కాలనీల్లో బయటపడేవి ఎక్కువగా అలాంటివే. అంతేకాదు, కలకత్తా గ్రాండ్ హోటల్లో జిమ్మీ లెక్విమ్ బ్యాండు 1926లో ప్లేటు చేసింది. ఆ బ్యాండుతో వాయించిన కుర్రాడు అల్ బౌలీ తరవాత లండన్ వెళ్లి ఇంగ్లండు ముద్దుల గాయకుడయ్యాడు, 1941లో జర్మన్ బాంబుకి పోయాడు. పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ షికాగో నుంచి షాంఘై మీదుగా వచ్చి యుద్ధకాలంలో కలకత్తాలో కొలంబియాకి వరసగా ప్లేట్లు ఇచ్చి, 1945లో అక్కడే కలరాతో చనిపోయాడు. బొంబాయిలో చిక్ చాక్లెట్ అనే గోవా ట్రంపెట్ వాద్యకారుడు రాత్రి హోటల్లో జాజ్, పగలు సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర సినిమా పాటలు వాయించేవాడు. ఈ ప్లేట్లు కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోనో, ముంబై చోర్‌బజార్‌లోనో, మన హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనో తగిలితే బేరమాడుతూ కూర్చోకండి.

కొనేముందు రెండు పరీక్షలు. కుండ కొనేటప్పుడు చేసినట్టే ప్లేటుని ఒక వేలికి తగిలించి ఇంకో వేలితో అంచు మీద మెల్లగా కొట్టండి. ఖంగుమంటే మంచిది, బొదబొదలాడితే కంటికి కనపడని పగులుంది. తరవాత వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. గాడులు నల్లగా మెరవాలి, బూడిదరంగైతే ఉక్కు ముళ్లు తినేసినట్టు. పైపై గీతలు చూసి భయపడక్కర్లేదు, చాలాసార్లు అవి వినపడవు. బూడిదరంగు వినపడుతుంది.

ఇంటికి తెచ్చాక స్పిరిటుతో తుడవొద్దు. లక్క స్పిరిటులో కరిగిపోతుంది, ఫర్నిచర్ పాలిష్ చేసేది అలాగే కదా. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్షు, లేబుల్ తడవకుండా చేయి అడ్డం పెట్టడం, నీడన ఆరబెట్టడం. ఎడిసన్ కంపెనీ అంగుళంలో పావు వంతు మందం ప్లేట్లు తగిలితే నీళ్లు కూడా తగలనివ్వకండి. అవి లక్కవి కావు, మామూలు ముల్లుకి పలకవు కూడా. ప్లేట్లను నిలువుగానే పెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చి మే నెలలో అటక మీద వదిలేస్తే అప్పడాల్లా వంగిపోతాయి. కోస్తా ఊళ్లలో వానాకాలం బూజు పడుతుంది, కాగితం కవర్లు ఏటా మార్చాలి.

నా ఇంట్లో ఇప్పుడున్న ఏర్పాటు ఇది. హాల్లో హెచ్.ఎమ్.వి. 102, దానికి 1930కి ముందు డాన్సు ప్లేట్లు ఓ ఇరవై, అవి అరిగినా బాధపడనివి. లోపలి గదిలో టర్న్‌టేబుల్, దానికి మిగతావన్నీ. ఒక్కటే కొనే స్తోమత ఉండి, మీ చెవి జాజ్ వైపుంటే టర్న్‌టేబుల్ కొనండి. మీ దగ్గరున్నవన్నీ బూర కాలంవైతే, లేదా ఆదివారం సాయంత్రం నలుగురితో కూర్చుని మూడు నిమిషాలకోసారి లేచి కీ ఇవ్వడమే మీకు సరదా అయితే గ్రామఫోను. ఆ ఇత్తడి బూర మిషను ఏమైందని అడిగేరు, మా మనవరాలు దాంట్లో బొమ్మలు దాచుకుంటోంది.

నేను పాడుచేసిన బౌలీ ప్లేటు మాత్రం పారేయలేదు. పోయిన సంక్రాంతికి ఒక స్నేహితుడు తన దగ్గరున్న 4 మిల్ ముల్లు తెచ్చాడు. అది మామూలు ముల్లుకన్నా లావు, గాడిలో కాస్త పైన, ఉక్కు ముల్లు తాకని చోట ఆనుతుందన్నాడు. మోనో గుండీ నొక్కి పెట్టాం. చప్పుడు పూర్తిగా పోలేదు, పెనం మీద నూనె చిటపటలాడినట్టే ఉంది. దాని వెనకనుంచి బౌలీ ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకోవడం వినిపించింది.